60 దాటగానే వణికే ఆటోమేటిక్ బండి: గేర్‌బాక్స్ దించే ముందు చూడాల్సినవి

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. 2018 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ, ఆరు గేర్ల ఆటోమేటిక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, ఇప్పటికి 92 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇబ్బందులు రెండు. 60–70 వేగంలో నిలకడగా పోతుంటే రంబుల్ స్ట్రిప్స్ ఎక్కినట్టు రెండు మూడు సెకన్లు వణుకు వస్తోంది. పొద్దున్నే స్టార్ట్ చేసి ‘డి’లో పెడితే రెండు సెకన్ల పాటు ఏమీ జరగదు, ఆ తర్వాత దడ్‌మని గేర్ పడుతోంది. సర్వీస్ సెంటర్ వాళ్లు ‘గేర్ ఆయిల్ లైఫ్‌టైమ్ అండీ, ముట్టుకోనక్కర్లేదు’ అన్నారు. బయట గ్యారేజీలో ‘గేర్‌బాక్స్ పోయింది, లక్షా ఎనభై వేలు’ అన్నారు. ఎవరి మాట నమ్మాలని మీ ప్రశ్న. డాలస్‌లో ఉన్న మీ బావమరిది కొనాలనుకుంటున్న సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) కారు సంగతి కూడా అడిగారు.

ఇద్దరి మాటా ఇప్పుడే నమ్మకండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల పని చేస్తున్నాను. మీరు చెప్పిన లక్షణాలతో వచ్చే బళ్లలో చాలావాటికి గేర్‌బాక్స్ దించాల్సిన పనే ఉండదు. అలాగని వదిలేస్తే మాత్రం కొన్నాళ్లకు తప్పకుండా దించాల్సి వస్తుంది.

ముందు వణుకు సంగతి. మీది టార్క్ కన్వర్టర్ రకం. ఇందులో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య మామూలు క్లచ్ ఉండదు. ఇంజిన్ వైపు చక్రం ఆయిల్‌ను తోస్తుంది, ఆ ఆయిల్ గేర్‌బాక్స్ వైపు చక్రాన్ని తిప్పుతుంది. ఆయిల్ ద్వారా తిప్పితే కొంత శక్తి వేడిగా పోతుంది కాబట్టి, బండి ఒక వేగం అందుకున్నాక లోపల ఉండే లాకప్ క్లచ్ రెండిటినీ నేరుగా కలిపేస్తుంది. ఈ కాలపు బళ్లలో ఈ లాకప్ ఒక్కసారిగా బిగుసుకోదు. కుదుపు తెలియకుండా ఉండాలని కంప్యూటర్ దాన్ని కావాలనే కొద్దిగా జారనిస్తుంది. ఆ జారుడు మెత్తగా సాగడానికి ఏటీఎఫ్‌లో, అంటే ఆటోమేటిక్ గేర్ ఆయిల్‌లో, ప్రత్యేకమైన రసాయనాలు కలుపుతారు. వేడికి, కాలానికి అవి చచ్చుబడిపోతాయి. అప్పుడు క్లచ్ మెత్తగా జారడం మానేసి పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం మొదలుపెడుతుంది. మీకు రంబుల్ స్ట్రిప్స్‌లా అనిపిస్తున్నది అదే అయ్యుండాలి.

‘అయ్యుండాలి’ అనడానికి కారణం ఉంది. ఇంజిన్ మిస్సింగ్ కూడా అచ్చం ఇలాగే వణికిస్తుంది. డీజిల్ బండిలో ఒక ఇంజెక్టర్ సరిగా కొట్టకపోయినా, పెట్రోల్ బండిలో స్పార్క్‌కు కరెంటిచ్చే ఒక కాయిల్ బలహీనపడినా, టాప్ గేర్‌లో తక్కువ ఆర్‌పీఎం మీద బరువు పడగానే అదే వణుకు. గేర్‌బాక్స్ పోయిందని మా దగ్గరికి వచ్చి, కాయిల్ మార్చుకుని వెళ్లిన బళ్లు లెక్కలేనన్ని. అందుకే ఈ చిన్న పరీక్ష మీరే చేయండి. ఖాళీగా ఉన్న, చదునైన రోడ్డు చూసుకోండి. ఆర్‌పీఎం ముల్లును గమనించడానికి పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి. వెనక బండి లేదని చూసుకున్నాక 65 దగ్గర కాలు కదపకుండా పోనివ్వండి. వణుకు మొదలవగానే యాక్సిలరేటర్ వదలకుండా, ఎడమ కాలితో బ్రేక్‌ను కేవలం బ్రేక్ లైట్ వెలిగేంత తాకించండి. అలవాటు లేని కాలు గట్టిగా పడుతుంది, జాగ్రత్త. బ్రేక్ సిగ్నల్ అందగానే కంప్యూటర్ లాకప్‌ను వదిలేస్తుంది, ముల్లు కొంచెం పైకి లేస్తుంది. ఆ క్షణంలోనే వణుకు ఆగిపోతే అది లాకప్. ఆగకపోతే ఇంజిన్ వైపు వెతకాలి. ఏ గేర్‌లో ఉన్నా సరిగ్గా అదే వేగంలో వణుకుతుంటే టైర్లు, వీల్ బ్యాలెన్సింగ్, యాక్సిల్ షాఫ్టులు చూడాలి.

ఇక ఆ ‘లైఫ్‌టైమ్’ ఆయిల్. ఎవరి లైఫ్ అన్నది అడగాల్సిన మాట. మీ మాన్యువల్ తీసి మెయింటెనెన్స్ పేజీలు చూడండి. మామూలు వాడకానికి ఒక పట్టిక, కఠినమైన వాడకానికి ఇంకోటి ఉంటాయి. ఎక్కువ ట్రాఫిక్, ఎక్కువ ఎండ, దుమ్ము, ఘాట్ రోడ్లు, ఇవన్నీ కఠినమైన వాడకం కిందికే వస్తాయి. మే నెలలో ఎల్‌బీ నగర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ పోయివచ్చే బండిది ఏ వాడకమో నేను చెప్పక్కర్లేదు. బీఎండబ్ల్యూ లాంటి కంపెనీలకు గేర్‌బాక్సులు చేసి ఇచ్చే జర్మనీ సంస్థ జడ్‌ఎఫ్ సంగతే చూడండి. కార్ల కంపెనీలు లైఫ్‌టైమ్ అని చెప్పే గేర్‌బాక్సులకు కూడా 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు, ఆయిల్ మార్చమని అదే చెబుతుంది. తయారు చేసినవాడే మార్చమంటుంటే అమ్మినవాడు వద్దంటాడు. వారంటీ ముగిసేదాకా నడిస్తే చాలన్న లెక్క అందులో ఉందని నా అనుమానం.

92 వేలకు మీ బండి ఆయిల్ ఒక్కసారీ మారలేదనుకుంటే, స్కానింగ్ అయ్యాక మొదటి మరమ్మతు అది మార్చడమే. కానీ ఎలా మారుస్తారన్నది ముఖ్యం. కింది బోల్టు తీస్తే మొత్తం ఆయిల్ రాదు. కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో చాలా భాగం మిగిలిపోతుంది, సుమారుగా సగమే బయటికొస్తుంది. అందుకని ఒకసారి తీసి పోసి, కొన్ని వందల కిలోమీటర్లు నడిపి, మళ్లీ తీసి పోయాలి. ఇంకోసారి చేస్తే మరీ మంచిది. మెషిన్ పెట్టి ఒక్కసారే మొత్తం ఫ్లషింగ్ చేస్తామంటారు. ఎప్పుడూ ఆయిల్ మారని పాత గేర్‌బాక్స్‌కు నేనైతే అది చేయను. ఒత్తిడితో తోస్తే అడుగున పేరుకున్న మడ్డి లేచి, గేర్లు మార్చడానికి ఆయిల్‌ను పంచే వాల్వ్ బాడీలో సన్నని దారుల్లో ఇరుక్కుంటుంది.

‘పాత ఆయిల్ మారిస్తే ఉన్న గేర్‌బాక్స్ కూడా పోతుంది’ అనే మాట మీరు వినే ఉంటారు. అది పూర్తిగా అబద్ధం కాదు. లోపలి క్లచ్ ప్లేట్లు అరిగిపోయి ఇప్పటికే జారుతున్న గేర్‌బాక్స్‌లో, ఆ అరిగిన పొడి ఆయిల్‌లో తిరుగుతూ కొంత పట్టు ఇస్తుంది. అలాంటి బండి ఆఖరి దశలో వస్తుంది, శుభ్రమైన ఆయిల్ పోస్తాం, వారంలో నిలబడిపోతుంది, నింద ఆయిల్ మీద పడుతుంది. మీ బండి గేర్ మారేటప్పుడు ఆర్‌పీఎం లేచి వేగం పెరగకపోవడం లాంటిది లేదని రాశారు. అంటే మీరు ఆ దశకు రాలేదు.

ఆయిల్ తీసేటప్పుడు దగ్గరుండండి. రంగు ఎరుపు నుంచి గోధుమ రంగుకు తిరిగితే మామూలే. నల్లగా ఉండి మాడు వాసన వస్తే ప్లేట్లు కాలుతున్నట్టు. గులాబీ రంగులో పాలలా కనిపిస్తే వెంటనే పని ఆపించండి, అది రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడి కూలెంట్ కలవడం. ఆయిల్ ప్యాన్ విప్పదీసే రకమైతే అందులోని అయస్కాంతం చూడండి. దానికి సన్నని బూడిదరంగు పేస్టు అంటుకుని ఉండటం సహజం. లోహపు పెచ్చులు, గోరుకు తగిలే ముక్కలు కనిపిస్తే మాత్రం ఆ గ్యారేజీ వాళ్లు చెప్పిన ఖర్చు గురించి ఆలోచించాల్సిందే.

ఆయిల్ రకం విషయంలో రాజీ పడొద్దు. ఎరుపు రంగు చూసి ఏదైనా ఒకటే అనుకునేవాళ్లు మా ఆటోనగర్‌లోనే ఉన్నారు. హ్యుందాయ్ ఆరు గేర్ల వాటికి ఎస్‌పీ-4, టయోటా వాటికి డబ్ల్యూఎస్, ఇలా ప్రతిదానికీ ఒక స్పెసిఫికేషన్ ఉంటుంది. మీ మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే, సీల్ ఉన్న డబ్బా, బిల్లుతో సహా. డ్రమ్ములోంచి లూజుగా పోసేది వద్దు.

పొద్దుటి ఆలస్యం, దడ్‌మనడం గురించి నాకు ముందుగా అనుమానం వచ్చేది ఆయిల్ లెవెల్ మీద. ఇప్పటి గేర్‌బాక్సుల్లో చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. బండిని సమంగా నిలబెట్టి, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ ఒక నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు లెవెల్ బోల్టు తీయాలి. సన్నని ధారగా కారి చుక్కలకు తగ్గితే సరిగ్గా ఉన్నట్టు. ఆ వేడి ఎంతన్నది ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. కొన్నింటికి 35–45 డిగ్రీల మధ్య, కొన్నింటికి 50–60. స్కానర్ పెట్టి చూడకుండా చేతితో తాకి చెప్పగలిగేది కాదు. 35–45 అని ఉన్న బండిని మన మే నెల మధ్యాహ్నం తెచ్చి నిలబెడితే, స్టార్ట్ చేయకముందే ఆయిల్ ఆ హద్దుకు చేరుకుని ఉంటుంది. అప్పుడు బోల్టు తీస్తే వేడికి వ్యాకోచించిన ఆయిల్ అవసరానికి మించి కారిపోతుంది. చల్లారాక లోపల తక్కువ పడుతుంది. మర్నాడు పొద్దున్న పంపుకు సరిగా అందదు, గేర్ ఆలస్యంగా పడుతుంది. మీ బండి పాత ఓనర్ ఎప్పుడైనా లెవెల్ చూపించి ఉంటే ఇది జరిగే అవకాశం బాగా ఉంది. ఈ పని ఎండాకాలంలో తెల్లవారుజామునే చేయించుకోండి.

లెవెల్ తక్కువగా తేలితే కారుతున్న చోటు కూడా వెతకాలి. ప్యాన్ గ్యాస్కెట్, యాక్సిల్ సీళ్లు, కూలర్ పైపుల బిగింపులు. ఈ ఆయిల్ దానంతటది తరిగిపోయేది కాదు.

లెవెల్ సరిగ్గా ఉండీ దడ్‌మంటుంటే ఇంజిన్‌ను, గేర్‌బాక్స్‌ను పట్టి ఉంచే మౌంటింగులు చూడండి. బానెట్ తెరిచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఒకరు బ్రేక్ గట్టిగా తొక్కి ‘డి’ నుంచి ‘ఆర్’కి, ‘ఆర్’ నుంచి ‘డి’కి మారుస్తుంటే ఇంజిన్ ఎంత లేస్తోందో చూడాలి. చూసేవాళ్లు బండికి ఎదురుగా కాదు, పక్కన నిలబడాలి. ఇంజిన్ బాగా ఎగిరిపడుతుంటే మౌంటింగ్ రబ్బరు తెగినట్టే. రబ్బరు మారిస్తే సగం శబ్దం అక్కడే పోతుంది.

ఈ పనులన్నిటికంటే ముందు స్కానింగ్ చేయించండి. ఫోనుకు పెట్టుకునే చవక బ్లూటూత్ రీడర్లు చాలావరకు ఇంజిన్ కంప్యూటర్‌నే చదువుతాయి. అందులో పి0700 అని వస్తే గేర్‌బాక్స్ పోయిందని అర్థం కాదు. ‘గేర్‌బాక్స్ కంప్యూటర్ దగ్గర ఏదో కోడ్ ఉంది, అక్కడ చూడు’ అని ఇంజిన్ కంప్యూటర్ చెబుతోంది, అంతే. అసలు కోడ్ గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఉంటుంది. అక్కడ పి0741 లాంటిది కనిపిస్తే లాకప్ వైపు, పి0730 లాంటిది కనిపిస్తే లోపల గేర్ జారడం వైపు, పి0715 అయితే స్పీడ్ సెన్సర్ లేదా దాని వైరింగ్ వైపు వెళ్లాలి. సెన్సర్ మార్చే ఖర్చుకూ గేర్‌బాక్స్ మార్చే ఖర్చుకూ ఎంత తేడా ఉందో మీకే తెలుసు. మీకు లక్షా ఎనభై వేలు చెప్పిన గ్యారేజీలో కోడ్ల కాగితం ఏమైనా ఇచ్చారా? మీరు రాసిన దాన్ని బట్టి స్కానర్ పెట్టినట్టే లేదు. ఒక్క టెస్ట్ డ్రైవ్‌తో లక్షా ఎనభై వేలు తేల్చేవాడి దగ్గర బండి పెట్టొద్దు.

ఆయిల్ రెండు దఫాలు మార్చాక ఒకటి రెండు వేల కిలోమీటర్లు చూడండి. వణుకు నెమ్మదిగా తగ్గుతుంది, మొదటి రోజే పోలేదని టెన్షన్ పడొద్దు. అప్పటికీ పోకపోతే లాకప్ లైనింగు గాజులా నునుపెక్కిపోయి ఉంటుంది. అప్పుడు గేర్‌బాక్స్ దించాలి, నిజమే. కానీ బాగుచేయాల్సింది కన్వర్టర్‌ను. దాన్ని కోసి, లైనింగు మార్చి, మళ్లీ వెల్డింగ్ చేసి, బ్యాలెన్స్ చేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. గేర్‌బాక్స్ అసెంబ్లీ మార్చడం కంటే ఇది చాలా తక్కువలో అవుతుంది. ఒకవేళ లోహపు ముక్కలే దొరికి మొత్తం ఓవరాలింగ్ దాకా వెళ్తే, ఒక్క విషయం రాతపూర్వకంగా ఒప్పించుకోండి: కూలర్‌ను కడగడమో మార్చడమో చేయాలి. పాత కూలర్‌లో చిక్కుకున్న ముక్కలు కొత్తగా కట్టిన గేర్‌బాక్స్‌లోకే తిరిగి వస్తాయి. ఓవరాలింగ్ చేయించిన ఆర్నెల్లకే మళ్లీ పోయిందని ఏడ్చేవాళ్ల కథలో చాలాసార్లు ఉండేది ఇదే.

ఈ సమాధానం చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. పైన చెప్పిందంతా టార్క్ కన్వర్టర్‌కే. ‘ఆటోమేటిక్’ అని ఒకే పేరుతో అమ్మినా లోపల ఉండేవి వేరు వేరు.

2014లో మారుతి సెలెరియోతో మన దేశానికొచ్చిన ఏఎంటీ నిజానికి మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేర్ మార్చే పని మోటార్లూ పంపులూ చేస్తాయి, అంతే. అందులో గేర్ మారేటప్పుడు తల కాస్త ముందుకు ఊగడం జబ్బు కాదు, అది దాని తీరు. వాటిలో ఎక్కువగా పోయేది క్లచ్ ప్లేటు. ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగినప్పుడు బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్ మీదే బండిని నిలబెట్టేవాళ్లు దాన్ని చేజేతులా కాల్చుకుంటారు. బ్యాటరీ బలహీనపడినా, బ్రేక్ స్విచ్ పాడైనా గేర్ పడదు, న్యూట్రల్‌లోనే మొరాయిస్తుంది. ఆ రెండూ చూడకుండా యాక్చుయేటర్ (క్లచ్‌నూ గేర్లనూ కదిలించే ఆ మోటార్ల భాగం) మార్చమనేవాళ్లతో జాగ్రత్త. క్లచ్ మార్చాక స్కానర్‌తో కొత్త క్లచ్ పట్టే చోటును కంప్యూటర్‌కు నేర్పించాలి, లేకపోతే కొత్త క్లచ్‌తోనూ కుదుపులే.

రెండు క్లచ్‌లు ఉండే డ్యూయల్ క్లచ్ రకంలో, ముఖ్యంగా ఆయిల్‌లో మునగని పొడి క్లచ్‌లు ఉన్నవాటికి, అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్ పెద్ద శత్రువు. 2013 నవంబరులో ఫోక్స్‌వ్యాగన్ ఏడు గేర్ల డీఎస్‌జీ (ఆ కంపెనీ డ్యూయల్ క్లచ్ పేరు) ఉన్న కార్లను ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల దాకా వెనక్కి పిలిచి సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోసింది. వేడి, తేమ ఎక్కువగా ఉండే చోట, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌లో విద్యుత్ లోపాలు రావడం దానికి కారణం. ఇలాంటి బండి ఉన్నవాళ్లు ముందు బండితో సమానంగా పాకుతూ పోకుండా, కొంచెం ఖాళీ రానిచ్చి ఒక్కసారి కదిలి, ఆగినప్పుడు బ్రేక్ పూర్తిగా తొక్కండి. బ్రేక్ పూర్తిగా తొక్కితే క్లచ్ విడిపోతుంది. సగం తొక్కి పాకిస్తే రుద్దుకుంటూ కాలుతుంది. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి.

ఇక మీ బావమరిది గారి 2015 నిస్సాన్ ఆల్టిమా. సీవీటీలో గేర్లు ఉండవు, రెండు పుల్లీల మధ్య స్టీలు బెల్టు ఉంటుంది. అమెరికాలో నిస్సాన్ సీవీటీల మీద ఎన్ని ఫిర్యాదులొచ్చాయంటే, 2003–2010 మోడళ్లకు కంపెనీయే వారంటీని పదేళ్లు లేదా లక్షా 20 వేల మైళ్లకు పెంచాల్సి వచ్చింది. తర్వాత 2013–2016 ఆల్టిమాలకు క్లాస్ యాక్షన్ (చాలామంది కొనుగోలుదారుల తరఫున ఒకేసారి వేసే) దావా ఒప్పందంలో భాగంగా 84 నెలలు లేదా 84 వేల మైళ్లకు పెంచారు. 2015 కారుకు ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. కొత్తగా వెళ్లిన మన పిల్లలకు ఇలాంటి కార్లు తక్కువ ధరకు దొరుకుతాయి. అదే లెక్కలో డ్యూయల్ క్లచ్ రకమైన 2012–2016 ఫోర్డ్ ఫోకస్ పవర్‌షిఫ్ట్ కూడా ఉంటుంది, దాని మీదా అక్కడ క్లాస్ యాక్షన్ నడిచింది. ధర ఎందుకు తక్కువో కొన్నాక తెలుస్తుంది. సీవీటీ ఆయిల్ మార్చిన రసీదులు లేకపోతే కొనొద్దని చెప్పండి. రసీదులు ఉంటే, అరగంట హైవే మీద నడిపి బాగా వేడెక్కాక చూడమనండి. చల్లగా ఉన్నప్పుడు ఏ సీవీటీ అయినా బుద్ధిగానే ఉంటుంది. వేడెక్కాక నెమ్మదిగా కదిలేటప్పుడు అదిరినా, యాక్సిలరేటర్ తొక్కితే వేగం అందుకోకపోయినా వదిలేయమనండి. విన్ నంబరు (కారుకుండే గుర్తింపు సంఖ్య) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొడితే పెండింగ్ రీకాల్స్ ఉచితంగా కనిపిస్తాయి.

మీది సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఇంకొక్కటి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగాక, ఆ నీళ్లలో నానిన ఆటోమేటిక్ బళ్లు చాలా మా దగ్గరికి వచ్చాయి. గేర్‌బాక్స్‌కు గాలి పీల్చే బ్రీదర్ ఒకటి ఉంటుంది, నీళ్లు అందులోంచి లోపలికి పోతాయి. క్లచ్ ప్లేట్ల లైనింగును అంటించే జిగురు నీటికి వదులవుతుంది. పైకి పాలిష్ పెట్టి అమ్మేస్తారు, ఆరు నెలలకు వణుకు మొదలవుతుంది. మీరు ఎక్కడ కొన్నారో రాయలేదు. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి చివర మట్టి గీత ఉందేమో, సీట్ల కింద బోల్టులకు తుప్పు ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే ఆయిల్ తీసినప్పుడు రంగును మరింత జాగ్రత్తగా గమనించాలి.

ఈలోగా బండి నడుపుకోవచ్చు, కానీ దూరప్రయాణాలు వద్దు. పొద్దున ‘డి’లో పెట్టాక గేర్ పడేదాకా యాక్సిలరేటర్ తొక్కొద్దు, ఆ దడ్‌తో లోపలి ప్లేట్లు దెబ్బతింటాయి. రివర్స్‌లో జారడం మొదలైనా, ఎత్తు ఎక్కేటప్పుడు ఆర్‌పీఎం లేచి బండి కదలకపోయినా అక్కడే ఆపి రికవరీ బండి పిలవండి. న్యూట్రల్‌లో పెట్టి తాడు కట్టి లాక్కెళ్లనివ్వొద్దు. ఇంజిన్ ఆగితే గేర్‌బాక్స్ పంపు కూడా ఆగుతుంది. చక్రాలు తిరుగుతుంటే ఆయిల్ అందక లోపలి భాగాలు ఎండిపోయి కాలుతాయి. మీది ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయితే ముందు చక్రాలు పైకెత్తాలి, లేదా బండి మొత్తాన్ని ట్రక్కు ఎక్కించాలి.

స్కానింగ్ చేయించాక కోడ్లు, ఆయిల్ రంగు, బ్రేక్ తాకించిన పరీక్షలో ఏం జరిగింది, ఈ మూడూ ఇక్కడే రాయండి. అవి చూస్తే గ్యారేజీ వాళ్లతో ఏం మాట్లాడాలో చెప్పగలను.